ఎడమ సుడి

చిత్తూరు పాత ఇనుము అంగట్లో
తూకానికి రాదని నూటాభైకే ఇచ్చేసినాడు.
మెడ ఒక పక్కకు ఒరిగిన పూలకూజా,
నడుముకు నల్లగీతలు, వాటి మధ్య
ఎవరో తుడవడం మరిచిన పసుపు.
అడుగున ఇటలీ అని, ఒక అంకె. పేరు లేదు.

నీళ్ళు కారతాంటే పలమనేరుకు తీసకపోయినా.
మొగిలప్ప కళ్ళతో చూళ్ళేదు.
మణికట్టు దాకా చెయ్యి దూర్చి
లోపలి గోడ తడిమినాడు.
"వీళ్ళ సారె ఎడంగా తిరిగింటాది.
మన సుడి ఇట్ల, ఆయప్పది అట్ల."

మరి మెడ వంకర?
"తప్పు గాదు. నేరుగా లేపి, కడాన
అరచేత్తో ఒక్క తోపు తోసినాడు.
నేనట్ల చేసింటే
మా నాయన సారెకట్టె ఎత్తేవాడు."

అడుగంచున, మెరుగు అంటని చోట
ముంచేటప్పుడు పట్టుకున్న బొటనవేలి గుర్తు.
తన వేలు ఆనించినాడు. పట్టలేదు.
శానాసేపటికి,
"ఆయప్ప గాదు. ఆయమ్మ."

చీలికను ముట్టలేదు. "నీళ్ళు పొయ్యొద్దులే."
దుడ్లు తీసుకోలేదు.
కట్టె అందుకొని సారెను ఎడమకు తిప్పినాడు.
మట్టి కూలింది. మళ్ళా కూలింది.
మూడోసారి ఏమైందో చూళ్ళేదు,
నా బస్సు వచ్చేసింది.