చోడంబలి వాసన

సోంపేట డయాలసిస్ గదిలో మూడో షిఫ్టు.
బమ్మిడి కూర్మమ్మ చేతికి రెండు సూదులూ గుచ్చి
మిషన్ ఆన్ చేశాను. నెత్తురు గొట్టంలోకి నడిచింది.
ఆమె వేళ్ళింకా నల్లగానే ఉన్నాయి,
పలాసలో ఇరవై ఏళ్ళు జీడిపిక్క కొట్టిన నలుపు,
ఏ సబ్బుకీ లొంగనిది.

"బాబూ, స్పిరిట్టు మార్చినారేటి?
మొన్నటి వాసన కాదీపాలి."
మార్చాం. రిజిస్టర్లో ఎక్కించింది నేనే.
నా ముక్కుకి మాత్రం తెలీలేదు.

నాలుగ్గంటలు.
బీపీ చూడ్డం, అంకె రాయడం, మళ్ళీ బీపీ చూడ్డం.
ఏదో ఒకటి మాట్లాడాలి కదా,
రాత్రి చదివింది చెప్పాను.

వాసన పట్టే జన్యువులు
ఒక్కదానితోనే మొదలయ్యాయంట.
అది తనకి తనే నకలు తీసుకుంది, నకలుకి మళ్ళీ నకలు,
నకలు నకలుకీ ఓ అక్షరం తప్పు.
తప్పు కుదిరినచోట ఓ కొత్త వాసన తెలిసింది,
కుదరనిచోట తాళం తుప్పు పట్టింది.
మనలో వెయ్యి దాకా మిగిలితే
ఆరువందలు అలా తుప్పు పట్టినవే.
పనిచేసేవి నాలుగొందలు. ఏనుగుకి రెండువేలు.

"అదీ సంగతి" అంది కూర్మమ్మ.
"మా కన్నోరు హిరమండలం అవతల.
పనసపండు మాగిందని మాకు తెలిసేసరికి
ఏనుగు తినేసి కొండెక్కీసేది."

ఇంకో సంగతుంది. చెప్పాలా వద్దా అని
కాసేపు గొట్టాన్ని సర్దుతూ నిలబడ్డాను.

ముక్కులో ఉండాల్సినవి కొన్ని
చర్మంలో దొరికాయి, వీర్యకణంలో దొరికాయి,
కిడ్నీలో దొరికాయి.
చీకట్లో, గాలే చొరనిచోట, వాటికేం వాసన?
ఎలకల్లో చూశారు.
తిన్నది పేగులో పులిసి నెత్తుట్లోకి ఊరితే
ఆ పులుపుని పసిగట్టి
బీపీని ఓ మెట్టు ఎక్కిస్తుందంట ఒకటి.
మనుషుల సంగతి ఇంకా తేలలేదు.

ఆమె నవ్వుతుందనుకున్నాను.
"అయితే నా సోడంబలి
అదీ వాసన సూసేదన్నమాట" అని
చాలాసేపు మిషన్ కేసి చూసింది.

తర్వాత, మెల్లగా,
"బాబూ, అదీ ముక్కే అయితే
మా నీళ్ళల్లో ఏటుందో ముందే పసిగట్టుండాల.
నాకు సెప్పలేదేటి?"

నేను చదివినదాంట్లో అది లేదు.
ఉద్దానంలో ఎవరి దగ్గరా లేదు.
డయలైజర్‌లో వెంట్రుకంత గొట్టాలు వేలున్నాయి,
వడకడతాయి. వాసన చూడవు.

నూట అరవై, తొంభై.
రాశాను.

సూదులు తీసి దూది అదిమి పట్టుకున్నప్పుడు
రోజుకి రెండు గ్లాసులే, గుర్తుందా అన్నాను,
అంబలి కూడా లెక్కలోకే వస్తుంది.
"తాగను బాబూ,
కోడలు కుండ దింపినప్పుడు
మూత తీసి సూస్తానంతే."