ఇతర జాతులు

నర్సంపేట నుంచి పాకాల పోయే తోవ పొడుగునా
చెట్టుకో నంబరు వేసుకుంటూ పోవడం నా పని.
తెల్లపెయింటు డబ్బా, కుంచె, టేపు, రిజిస్టరు.
మద్దికి గడి ఉంది. వేపకుంది. చింతకు, ఇప్పకు ఉంది.
ఏ గడీ దొరకనివన్నీ అట్టడుగు వరుసలో
ఇతర జాతులు.

నూట పద్దెనిమిదోది
చెలక గట్టు మీద, మొరం తేలిన చోట,
నీళ్ల ఊసెరగని ఎర్రమన్నులో కాలూని నిలబడ్డది.
ఆకాకుకూ కొసన చిన్న గంటు,
పలక అంచు చిట్లినట్టు.
మాఘం దాటింది, కాయ ముడత పడుతోంది.
మూడేసి అతుక్కుని పుట్టి
ఒక్కటే నిండి, పక్కవి రెండూ
మానిన పుండు మచ్చల్లా మిగిలిన కాయలే ఎక్కువ.

కుంకుడు. చుట్టుకొలత నాలుగడుగుల రెండంగుళాలు.
పైకి అనుకుంటూ రాస్తుంటే
మేకలను అదిలించుకుంటూ వచ్చింది బానోతు కేళీబాయి.
"ఏం రాసినవ్ సారూ, సదువు."
చదివాను.
"గంతేనా?"
అంతే.

ఆమె గట్టు మీద కూసుంది.
మోచేతి దాకా ఉన్న వెండి నా ముఖం ముందు గలగలలాడించింది.
"ఇవి మా అవ్వయి. హోలీ వస్తుందంటే
గీ కాయ నానేసి, పిసికి, నురుగుల ముంచుతం.
నర్సంపేట అవుసలాయనకు రూపాయి ఇయ్యలే ఇన్నేండ్లు.
ఆయనే నా దగ్గర తవ్వెడు కొనుక్కపోతడు.
అద్దాల పేట్యాకు సబ్బు పెడితె రంగు కారుతది.
దీంతోని ఉతుకు, అద్దంల నీ మొకమే కొత్తగ కనవడ్తది."

ఐతారం తలకు పోస్తే పిల్లలు ఇల్లెక్కి అరిచేవాళ్లట,
కళ్లు మండి.
నాలుక మీద ఉప్పుగల్లు పెడితే ఊరుకునేవాళ్లట.
నాకూ మా అమ్మ అట్లే పెట్టేది. ఆ మాట ఆమెతో అనలేదు.
డ్యూటీలో ఉన్నాను.

ఎండకాలం వాగు మడుగుల్లో కాయ దంచి కలిపితే
చేపలు మత్తెక్కి పక్కకు తిరిగి తేలేవట.
"ఇప్పుడు వాగే లేదు తియ్యి," అంది.
తర్వాత చాలాసేపు మేకల వైపే చూసింది.

"పత్తి పోయిన ఏడు మా మరిది ధర్మా
పురుగులమందు తాగిండు.
అద్దుమరాత్రి. బండి లేదు, ఫోను లేదు.
గీ కాయ రసం గంజెడు తాపిచ్చినం.
కక్కిండు. పేగులు బయట పడ్తయా అన్నట్టు కక్కిండు.
తెల్లారి దవాఖానల డాక్టరు మమ్ముల తిట్టిండు,
అట్ల తాపొద్దు, పానం పోతదని.
ఆయన అన్నది నిజమే గావచ్చు.
ధర్మా ఉన్నడు. అగో, ఆ మోటరు కాడున్నోడే.
గిది ఏ గడిల రాస్తవ్?"

రిజిస్టరు కుడి చివర
వేలెడు వెడల్పున రిమార్కుల గడి ఉంటుంది.
అందులో ఏం పడుతుంది?
'కాపు మీద ఉన్నది' అని రాశాను.
ఉద్యోగంలో చేరినంక
ఆ గడి నింపడం అదే మొదటిసారి.

కుంచె ముంచాను.
"గంత మీద ఎయ్యకు సారూ, జర కిందికి," అంది.
ఎందుకన్నాను.
"మేకలు ఒళ్లు గీక్కుంటయి గీడ."
నవ్వలేదు ఆమె. నేనూ నవ్వలేదు.
నంబరు రొమ్మెత్తున ఉండాలని రూలు.
నేను గొంతుక్కూర్చుని
మోకాలెత్తున వేశాను, పలుచగా.

పోతుంటే కొంగున ఉన్న కాయలు
దోసెడు స్కూటరు డిక్కీలో పోసింది.
హన్మకొండ దాకా, గతుకు వచ్చినప్పుడల్లా
లోపలి గింజలు మాట్లాడుతూనే ఉన్నాయి.

రాత్రి గిన్నెలో వేణ్నీళ్లు పోసి పిసికాను.
నురుగు గిన్నె దాటి గచ్చు మీదికి పొంగింది.
నల్లటి గింజలు మా చిన్నది ఏరుకుంది,
ఓనగుంటలకు తక్కువ పడ్డాయంటూ.
గోళ్ల సందుల మట్టి పోయింది, చెమట పోయింది,
టేపు తుప్పు వాసన కూడా పోయింది.
పెయింటు మాత్రం పోలేదు.
బొటనవేలు మీద తెల్లటి చార అట్లే ఉంది.

ఆరిన చేతులు ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాను,
ఎన్ని మేకలున్నాయో లెక్కపెట్టనందుకు
నన్ను నేను తిట్టుకుంటూ.