నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

రెండో శనివారం సాయంత్రం
వెస్ట్ మారేడ్‌పల్లిలో, కుట్టు మిషన్ల షాపు పైగదిలో
మేం ఐదుగురం జాజ్ వింటాం.
వినడం ఒక గంట, కొట్లాట మూడు గంటలు.

ఇఫ్తెకార్ సాబ్‌కి రీఇష్యూ పెట్టెలంటే మంట.
వాయించినవాడే వద్దని పక్కన పడేసిన టేకుల్ని
ఏడు సీడీలుగా పేర్చి అమ్ముతారా?
"దర్జీ కాళ్లకింద రాలిన ముక్కలు గూడ
షేర్వానీ లెక్కల్నే కడితే ఎట్లా భాయ్!"
అంటూనే పెట్టె కొంటారు.
అందులో ఏడో సీడీనే అరిగేదాకా వింటారు.

కౌండిన్య గారిది క్యాసెట్టు మతం.
ఎనభై రెండులో, బర్కత్‌పురా డాబా మీద
షార్ట్‌వేవ్ రేడియోకి మైకు ఆనించి పట్టిన పాట.
బేసు ఒంటరిగా నడిచే చోట
కాచిగూడ మీటర్ గేజి బండి కూత వేస్తుంది.
అదే పాటను తళతళా కడిగి ఎవరు వినిపించినా
ఆ చోటు రాగానే చెయ్యెత్తి ఆగమంటారు.
బండి రాదు.
ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాడిలా
సంచీ ఒళ్లోకి లాక్కుంటారు.

అన్విత ఇరవై మూడేళ్లది, ఫోన్లో వింటుంది.
"పాట వినండి అంకుల్, ప్లాస్టిక్ కాదు" అంటుంది.
ఆ రోజు ఆమెకి టీ ఆలస్యంగా అందుతుంది.

పెర్సీ రోజారియోకి మాత్రం మొదటి ప్రెస్సింగే దేవుడు.
లాలాగూడ రైల్వే ఇన్‌స్టిట్యూట్ డ్యాన్సు బ్యాండులో
వాళ్ల నాన్న డ్రమ్ములు వాయించేవాడు,
పగలు బాయిలర్లకి రివెట్లు కొట్టిన చేతుల్తోనే.
ఆ రికార్డు పెర్సీకి దొరికింది ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద,
ఎంసెట్ గైడ్ల కింద, అట్ట నలిగి, నలభై రూపాయలకి.
చివరి గాడి పక్కన గోటితో గీసినట్టున్న అంకెల్ని
టార్చి వేసి చూపిస్తాడు,
పుట్టుమచ్చ చూపించి బిడ్డ మాదేనన్నట్టు.

నేనా? నాది చెవుల వృత్తి.
తార్నాకలో క్లినిక్. గాజు కిటికీ గది, హెడ్‌ఫోన్లు, ఒక బటన్.
వినబడితే నొక్కాలి. అంతే.

మొన్న మంగళవారం పెర్సీ వచ్చి కూర్చున్నాడు.
రెండు వందల యాభై: నొక్కాడు.
వెయ్యి: నొక్కాడు.
నాలుగు వేల దగ్గర
వేలు బటన్ మీద అలాగే ఉంది, కాచుకుని.
ఎనిమిది వేలు.
గాజులోంచి నన్ను చూసి నవ్వాడు,
ఇంకా మొదలుపెట్టలేదా అన్నట్టు.

ఈ శనివారం ఆ పాటదే కొత్త రీఇష్యూ వచ్చింది.
నూట ఎనభై గ్రాములు, పెళ్లి శుభలేఖలాంటి అట్ట.
ఒక పక్క అయ్యేదాకా పెర్సీ కళ్లు తెరవలేదు.
తెరిచి,
"సింబల్ ఏది మ్యాన్? మొత్తం తినేశారు!"

ఆ సింబల్ గదంతా
చిల్లర సంచీ చిరిగినట్టు రాలుతూనే ఉండింది.
అన్విత నోరు తెరిచింది. నేను ఆమె కాలు తొక్కాను.
ఇఫ్తెకార్ సాబ్ గడ్డం నిమురుకుని
"హా, జర తగ్గించిన్రు" అన్నారు.
కౌండిన్య గారు ఇంకో మెట్టెక్కి, "అసలు లేనే లేదు."

అయితే ఆగండి, అని పెర్సీ తన పాతది తీశాడు.
వద్దందామంటే ఏ వంకా దొరకలేదు నాకు.
సూది దిగింది.
ఆవాలు చిట్లినట్టు గీతల చప్పుడు, తర్వాత ట్రంపెట్,
తర్వాత పెర్సీ కుడి చూపుడువేలు కుర్చీ చేతి మీద
సింబల్ పడే ప్రతి చోటా పడింది,
వెంట్రుకవాసి ముందే.
"అదిగో. విన్నారా? అదిగో."
విన్నాం అన్నాం. అన్విత కూడా.

మెట్లు దిగుతూ అడిగాడు:
"డాక్టర్, ఆ గీతల కాగితం ఇచ్చావే, అది ఒరిజినలా?"
"కాదు పెర్సీ, జిరాక్సు. ఒరిజినల్ క్లినిక్‌లో ఉంది."
"చూశావా మరి," అని
రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ,
"అందులో గీత ఇంత కిందికి దిగి ఉండదులే."