మిగిలిన స్క్రూ

హవల్లీల మా దుకాణానికి వచ్చేటోళ్లు
ముందుగాల లైట్లే అడుగుతరు.
ఫ్యాన్‌కు ఒక రంగు, ర్యామ్‌కు ఒక రంగు,
అద్దాల పెట్టెల పెండ్లిపందిరి దిగాలె.

ఆమె మాత్రం
కౌంటర్ మీద బ్యాగు పెట్టి
"లైట్లు వద్దండీ" అన్నది, తెలుగులనే.
నా మెడల ట్యాగు చదివింది గావచ్చు:
దూస రాజమల్లు, అసెంబ్లీ సెక్షన్.

"బీప్ అనే చప్పుడు రాకూడదు.
ఎర్రగా ఏదీ మిణుకు మిణుకుమనకూడదు.
ఫ్యాన్లు మనిషి ఊపిరిలా ఉండకూడదు."
రాసుకున్న.
పేరు అడిగితే కృపావతి. ఊరు చీరాల.
పని, ఐసీయూల నర్సు, నెలకు ఇరవై రాత్రులు.
అప్పుడు సమజైంది ఆ మూడు షరతులు.

ధర చెప్పాలంటే నాకే నోరు రాలే.
తొమ్మిది వందల ఇరవై దినార్లు,
నా ఐదు నెలల జీతం.
ఆమె చీటీ పాడిన సొమ్ము తీసి
తడిబొటనవేలితో లెక్కపెట్టింది,
ఒకసారి, మళ్లొకసారి.
తోటి సిస్టర్లు అదే చీటీతోటి గాజులు చేయించుకున్నరట.
"గాజులేసుకుంటే డ్యూటీలో తీసి పెట్టాలి" అన్నది.

"ఏ ఆట ఆడుతరు సిస్టర్?"
వ్యవసాయం ఆట అంటదనుకున్న, పజిల్ అంటదనుకున్న.
"కాల్చేదే" అన్నది.
"రాత్రంతా బతికించేదేగా పని."
నవ్వాల్నా వద్దా తెల్వక
మౌస్‌ప్యాడ్ ఫ్రీ ఇచ్చిన.

గురువారం పొద్దుగూకినంక బల్ల ఖాళీ చేసిన.
బయట నలభై ఎనిమిది డిగ్రీలు,
లోపల ఏసీ కింద నా వేళ్లు చల్లగ.
ప్రాసెసర్ మీద పేస్టు బఠానీగింజంత.
ర్యామ్ రెండు దిక్కులా టక్కుమన్నది.
గ్రాఫిక్స్ కార్డు ఇటుక బరువు,
కుంగకుండ కింద చిన్న గుంజ పెట్టిన.
ఇగ వైర్లు.
వైర్ల కాడ నేను ఎవ్వని మాటా వినను.
సిరిసిల్లల మా నాయిన
తెగిన పోగు దొరికేదాక సాంచె ఆపి
షేటుతోటి తిట్లు తినేటోడు.
ఆ వేళ్లే ఇవి.
ఎవ్వలు చూడని వెనుకదిక్కు
పడుగు లెక్క బారుగ పరిచి ముడులేసిన.
ఆమె ఎప్పటికీ ఆ మూత తియ్యదు.
తీస్తే మాత్రం సిగ్గుపడొద్దు నేను.

రాత్రంతా టెస్టు.
టెస్టు పేరు చెప్పి నేను కూడా రెండు రౌండ్లు ఆడిన.
రెండుసార్లూ సచ్చిన.
డెబ్బై ఒక్క డిగ్రీ దాటలేదు మిషన్,
నా చెమటే ఎక్కువుండె.

పొద్దున డ్యూటీ నుంచి సీదా వచ్చింది,
కండ్ల కింద మాస్కు గీతలు.
స్విచ్ నొక్కిన. చప్పుడు లేదు. లైటు లేదు.
మానిటర్ వెలిగేదాక ఆ ఆరు సెకన్లు
ఆమె రెండు వేళ్లు కేసు పక్కన ఆనించింది,
నాడి చూసినట్టు,
తనకే తెల్వకుండ.
"ఆ, ఉంది" అన్నది.

ట్యాక్సీ డిక్కీల పట్టలే.
వెనుక సీట్ల కూసొని
డబ్బా మీద చెయ్యేసి పట్టుకొని పోయింది.

బల్ల తుడుస్తుంటే కనపడ్డది,
మ్యాట్ అంచుకు, నల్లది,
గోరంత స్క్రూ.
ఎక్కడిది?
మదర్‌బోర్డుకు తొమ్మిది, కార్డుకు రెండు,
ఫ్యాన్‌కు నాలుగు చొప్పున...
మూడుసార్లు కూడిన, మూడు తీర్ల వచ్చింది.
శుక్రవారం నిద్రపట్టలే. బంకు మీద బొర్ల పడుకొని
ఆమె కార్డు కుంగుతున్నట్టు, ఫ్యాను ఊగుతున్నట్టు.
ఆఖరికి మెసేజ్ పెట్టిన:
సిస్టర్, ఒక స్క్రూ మిగిలింది, ఏమన్న చప్పుడు వస్తున్నదా?

తెల్లారి నాలుగింటికి జవాబు:
"చప్పుడేం లేదు. ఇప్పుడే పదకొండు మందిని చంపాను.
మా దగ్గర కుట్లేసే ముందు
కత్తెరలూ దూదీ లెక్కపెడతారు బాబూ.
మీరు లెక్కపెట్టరా?"

లెక్కపెడుత సిస్టర్.
ఇప్పటిసంది.
ఆ స్క్రూ ఇంకా నా జేబులనే ఉన్నది.