కాగు లోపల

నలభై మూడు రోజుల సెలవు.
పదకొండో రోజుకే
సిగ్నాగిలో చూడాల్సినవన్నీ అయిపోయాయి.
కోటగోడ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను.
మ్యూజియంలో కాపలా ఆవిడ
నన్ను చూస్తే టికెట్ అడగడం మానేసి
పొద్దుతిరుగుడు గింజలు దోసిట్లో పోస్తోంది.

పన్నెండో రోజు
ఎటు పోతుందో అడక్కుండా ఒక వ్యాను ఎక్కి
ఆఖరి స్టాపు దాకా కూర్చున్నాను.
ఆఖరి స్టాపంటే
ఒక అక్రోటు చెట్టు, తాళం వేసిన కొట్టు.
డ్రైవరు దిగి చెట్టు నీడలో ముసుగుతన్నాడు.
మళ్ళీ బండి అయిదింటికి.

కంచె అవతల్నించి త్సియాల
నన్ను పాదాల నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది.
తల దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు,
నాలుగడుగుల తొమ్మిదంగుళాలు.
బస్సులో కడ్డీ అందని ఎత్తు,
గ్రూపు ఫొటోలో ఎప్పుడూ ముందు వరసకి తోసే ఎత్తు.
త్సియాల మొహం మాత్రం
పోయిన ఉంగరం దొరికినట్టు వెలిగింది.
"ఎల్గుజా!" అని లోపలికో కేక.

వాళ్ళు వైన్‌ని నేలలో పాతిపెడతారు.
కొట్టంలో నేలమీద మూతులే కనిపిస్తాయి,
కాగులు మనిషి లోతు కింద.
ద్రాక్ష కోతలకి ముందు ఎవరో ఒకరు దిగి కడగాలి.
ఎల్గుజా నడుం అందులో పట్టడం మానేసి పదేళ్ళయింది,
కొడుక్కి భుజాలొచ్చాయి,
పోయినేడు దిగిన పక్కింటి కుర్రాడికి
ఈ వేసవిలో ఒక్కసారిగా పదిహేనేళ్ళు వచ్చేశాయి.
ఇదంతా మనవరాలు నూత్సా
బళ్ళో నేర్చిన ఇంగ్లీషుతో, మిగిలింది చేతులతో చెప్పింది.

ముందు కొవ్వొత్తి దించారు. ఆరలేదు.
తర్వాత నన్ను.

లోపల నిరుటి వాసన.
మట్టి, పులుపు, తేనెమైనం.
చెర్రీ బెరడు కట్టతో గోడ రుద్దుతుంటే
నెత్తిమీద పళ్ళెమంత వెలుగు,
అందులో మూడు తలకాయలు.
లోకం చూడాలని బయల్దేరి
నూతిలో కప్పనయ్యాను,
అదీ విమానం టికెట్ కొనుక్కుని మరీ.

తుమ్మొచ్చింది. కాగు కూడా తుమ్మింది,
నాకన్నా పెద్దమనిషిలా.
పైనుంచి ముగ్గురూ ఒకేసారి ఏదో అన్నారు,
చిరంజీవ లాంటిదే అయ్యుంటుంది.

కడిగిన నీళ్ళు బకెట్లో పైకి పోతాయి.
ఎల్గుజా దోసిట్లో పోసుకుని చూస్తాడు, పారబోస్తాడు.
"కిదేవ్" అంటాడు.
మళ్ళీ అని. ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళుగా నాది తూనికలు కొలతల శాఖ.
రాళ్ళకి ముద్రలు, పెట్రోలు బంకుల్లో సీళ్ళు,
అయిదు మిల్లీలీటర్ల తేడాకి మూడు పేజీల నోటీసు.
ఇంత మొండి తనిఖీ నేనెప్పుడూ చెయ్యలేదు.
కిదేవ్. కిదేవ్.
ఎనిమిదో బకెట్ నీళ్ళు దోసిట పట్టి
చూడలేదు,
తాగేశాడు.

అయిదింటి బండి వెళ్ళిపోయిన సంగతి
పైకొచ్చి ఒళ్ళు తుడుచుకున్నాక గుర్తొచ్చింది.

ఇవాళ ఇరవై అయిదో రోజు.
ఆరిళ్ళు, పంతొమ్మిది కాగులు.
మోచేతులు గీరుకుపోయాయి,
గోళ్ళ కింద ఎరుపు వదలదు.
"ఇవి ఎన్నెన్ని లీటర్లు?" అని అడిగాను ఎల్గుజాని,
అలవాటు చావక.
నూత్సా తాత మాట విని, కాసేపు ఆలోచించి చెప్పింది:
తలుపు దగ్గరది ఒక పెళ్ళి.
మధ్యలోవి రెండూ చెరో చావు.
గోడవారది పుట్టినరోజు,
అదీ బావమరుదులు రాకపోతే.
రాసుకున్నాను.

మూలన ఇంకోటుంది,
నా నడుంలోతే, మూతమీద రాయి.
అదెంత అంటే
ఎల్గుజా నా నెత్తిన అరచెయ్యి పెట్టి ఎత్తు చూసి
త్సియాలతో ఏదో అన్నాడు.
ఆవిడ చీపురు తీసుకుని కొట్టబోయింది.
నూత్సా పొట్ట పట్టుకుని నవ్వుతుంది గాని
చెప్పదు.

ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.
చెప్పిస్తాను.