ఆయ్

రాజోలు కాలవగట్టు కల్యాణ మండపం.
మైకు సెట్టు నాది.

ముప్పయ్యేళ్ళుగా ఈ రెండు బాక్సుల్లోంచి
ఓట్లడిగారు, ఏటిగట్టుకి గండి పడిందని అరిచారు,
తప్పిపోయిన గేదె ఆనవాళ్ళు చదివారు.
కేవలం నవ్వించడానికి
అడ్వాన్సిచ్చి మైకు మాట్లాడుకుంది
ఎస్తేరొక్కతే.

"స్టాండప్పంటే ఏంటమ్మా?" అన్నాను.
"నిలబడి నవ్వించడం బాబాయ్.
పదకొండేళ్ళు కూచోనివ్వలేదు కదా,
అదే పనికొచ్చింది."

కువైట్లో శుక్రవారం ప్రార్థనయ్యాక
బిర్యానీ ఆలస్యమైతే
జనం లేచిపోకుండా ఏదో ఒకటి చెప్పమని
పాస్టరుగారు ముందుకి తోశారట.
అదీ మొదలు.
తర్వాత డ్రైవర్లు, తాపీమేస్త్రులు
మంచం మీద మంచమున్న గదుల్లో;
తర్వాత రెండు దీనార్ల టిక్కెట్టు;
బహ్రెయిన్లో గోడమీద బొమ్మ,
పేరులో ఒక అక్షరం తప్పు.
"దిద్దించలేదు. నన్ను కాదనుకుని
కొంచెం ధైర్యంగా ఎక్కాను" అంది.

ఇవాళ మొదటి వరసలో వీసాల ఏజెంటు,
తెల్లచొక్కా, రెండు ఫోన్లు.
వెనక వరసల్లో కొబ్బరిపీచు చేతులు,
లేసు కుట్టే వేళ్ళు,
తలుపు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకున్న కుర్రాళ్ళు.

"అక్కడ ఇంటావిణ్ణి మామా అని పిలవాలండి.
నాకిక్కడ నలుగురు మేనమామలు,
ఒక్కడూ జీతం ఇవ్వలేదు."
నవ్వారు. ట్రెబుల్ కాస్త తగ్గించాను.

"మనం ఆయ్ అంటాం కదండీ?"
హాలంతా "ఆయ్" అంది.

"వెళ్ళిన రెండోరోజు మామా కేకేసింది.
ఆయ్ అన్నాను.
పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు చూసింది, వేళ్ళు చూసింది.
ఏదో అడిగింది. ఆయ్ అన్నాను.
ఐసు తెచ్చింది.
ఇంకేదో అడిగింది. ఆయ్.
కారెక్కించింది.
డాక్టరు పొట్ట నొక్కి, ఇక్కడా? ఆయ్.
ఇక్కడా? ఆయ్.
ఒళ్ళంతా ఎక్స్‌రేలు తీశారండి,
ఆ నెల జీతంలో కోశారు."

ఏజెంటు కూడా పొట్ట పట్టుకున్నాడు.
నవ్వు మైకులోకి దూరి తిరిగి బాక్సుల్లోంచి వచ్చి
కూత పెట్టింది. నేనే ఆపాను.

అప్పుడు మూడో వరసలోంచి
నిమ్మపండు రంగు చీర ఆవిడ,
ఎప్పుడెళ్ళిందో ఎప్పుడొచ్చేసిందో
ఊళ్ళో ఎవరికీ పట్టని మనిషి,
మెల్లిగా అడిగింది:
"తర్వాతో?"

ఎస్తేరు మంచినీళ్ళు తాగింది.
మూత పెట్టింది. మళ్ళీ తీసింది.
బాక్సుల్లో సన్నగా జుమ్మనే చప్పుడు,
కరెంటు ఉందని చెప్పే చప్పుడు.

"తర్వాత ఇంట్లో అందరికీ తెలిసిపోయిందండి,
ఆయ్ అంటే సరే అని.
మూడో ఏడు నూనె బాణలి
మోచేతి దాకా ఒలికింది.
ఆయ్ అన్నాను.
ముందుగదిలోంచి
'మంచిది' అన్నారు."

ఎవరూ నవ్వలేదు.
లేదు, అబద్ధం.
ఆ నిమ్మపండు చీర నవ్వింది,
పంటి కింద రాయి పడ్డట్టు ఒక్కసారి, తర్వాత ఆగకుండా.
వెనక్కుండా ఇంకొకావిడ.
అటుపక్క ఇద్దరు.
ఎవరెవరు వెళ్ళొచ్చారో
ఆ చీకట్లో నాకు లెక్క తెలిసింది.
ఏజెంటు ఫోనొచ్చినట్టు లేచాడు.
ఏ ఫోనూ మోగలేదు.

జనం వెళ్ళిపోయాక అడిగాను,
ఈ రెండో ముక్క దోహాలో చెబుతావా అని.
"అక్కడ పావుగంటే ఇస్తారు బాబాయ్" అంటూ
చేతి జాకెట్టు కిందికి లాక్కుంది.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది.
"సరిపోయాయా?" అంది.

నోటిదాకా వచ్చింది మాట.
వైరు చుట్టుకుంటూ
తలూపాను.