ఎంగిలి గాలి

గట్టమ్మ గుట్ట ఎక్కంగ బండి మూలిగిందట.
మూడో గేరుకు దించినా, రెండుకు దించినా
మంగపేట ఇసుక వెనక్కే గుంజిందట.
ఆటోనగర్ల మా షెడ్డు ముందు దిగి
తలుపు ధడాల్న ఏసి
"సదన్నా, దీని గొంతుల ఏదో పడ్డది" అన్నడు ఓదెలు.

పడలే. పేరుకున్నది.
పైపు విప్పితే
రొట్టెల పెంక అడుగు లెక్క మసి,
ముట్టుకుంటే వేలినిడువని జిగట.
మూడు వేళ్లు పట్టే తొవ్వ
చిటికెన వేలంత మిగిలింది.

మా ఇర్ఫాన్ కొత్త. అడిగిండు:
బయటికి పోయే పొగను మళ్ల లోపలికెందుకు తోలాలె ఉస్తాద్?
ఇడిచిన ఊపిరి ఎవడన్న మళ్ల పీలుస్తడా?

పీలుస్తరు బిడ్డా.
చలికాలం ముసుగుతన్ని పంటవు చూడు,
నీ ఊపిరే నీకు తిరిగొస్తది,
రెప్పలు బరువైతయి, ఒళ్లు మెత్తబడ్తది.
ఇంజనుకు గూడ అంతే.
కొత్త గాలిల ఇంత ఎంగిలి గాలి కలిపితే
మంటకు కోపం తగ్గుతది.
కోపం మీదున్న మంట
ఊకె కూసున్న గాలిని గూడ ఉడికిచ్చి
విషం జేస్తది,
అది కంటికానది.
మంటను సల్లబరిస్తే ఆ విషం తగ్గుతది,
సగం కాలిన డీజిలేమో మసై మిగుల్తది.
పికప్పు పోతది. ఎత్తుల దమ్మొస్తది.
ఒక దిక్కు అదిమితే ఇంకో దిక్కు లేస్తది,
నీళ్ల మీద ఉత్త డబ్బా లెక్క.

వానికి అర్థమైందో లేదో,
పానా తుడుసుకుంట నిలబడ్డడు.

ఓదెలుకు ఇయన్నీ అక్కరలేవు.
"రేకు కొట్టన్నా. అడ్డం పెట్టి బిగియ్యి.
మా ఓనర్ మిగిలిన బండ్లకు కొట్టిచ్చిండు,
లీటరుకు పావు కిలోమీటరు ఎక్కువిస్తున్నయి.
బల్బు ఎలిగితే ఎలగనీ,
దాని మీద సమ్మక్క సారలమ్మ స్టిక్కరంటిస్త."

కోసిన నేను ఆ రేకులు.
రెండు మిల్లీల మందం, రెండు బోల్టుల తొర్రలు,
పావుగంట పని, మూడొందలు.
రేకు పడ్డ బండి
పలుపు తెంపుకున్న కోడె లెక్క ఉరికేది.
పొగ గొట్టం దగ్గర తెల్ల బట్ట పట్టినా
పెద్దగ మాసేది కాదు.
చెక్ చేసే పిలగాడు పైపు పెట్టి
"పొగే లేదు" అని పాస్ కాయితం చేతుల పెట్టేది.
డ్రైవర్లు నా వీపు మీద సరిసి పోయేటోళ్లు.

మొన్న ఎండాకాలం
ఏనుమాముల గేటు కాడ లారీలు లైను కట్టినయి,
ఇంజన్లు బందు చెయ్యలే ఎవలూ.
మబ్బు లేదు, పొగ లేదు, అంతా సాఫ్.
హమాలి కట్టయ్య బస్తా దించి
గోడ పట్టుకొని దగ్గుతున్నడు,
దగ్గు ఆగుతలేదు.
మిర్చి ఘాటు అన్నరు అందరు.
నేను గూడ అన్న.
లైన్ల మూడో లారీ, అయిదోది, తొమ్మిదోది
నా రేకులే.

అందుకే ఇయ్యాల కోయనన్న.
వాల్వు విప్పి డీజిల్ల నానబెట్టి
వైరు బ్రష్షుతోని గీకినం నేను, ఇర్ఫాన్,
లైట్లు ఏసేదాక.
క్వారీల ఓదెలు సీరియల్ పోయింది.
ఎనిమిదొందలడిగితే అయిదొందలిచ్చి
"పుణ్యం నీకు, నష్టం నాకు" అన్నడు.
మాట తప్పేం గాదు.

నెల తిరిగినంక తెలిసింది,
కాజీపేటల రేకు కొట్టిచ్చుకున్నడట.
గట్టమ్మ గుట్ట మూడో గేరుల ఎక్కుతుందట.

నేను గీకిన మసి మాత్రం
ఆ రాత్రి బకెట్టు ఎత్తి
షెడ్డు ఎనక మోరీల పారబోసిన.
నల్లగ, చిక్కగ, మెల్లగ పోయింది.
ఎటు పోతదని
ఇర్ఫాన్ అడగలే.
అడిగితే ఏం చెప్పేటోన్నో
ఇంకా ఎతుకుతున్న.